పింఛను పుస్తకం పట్టుకుని టీకా వరుసలో

2021 మార్చి 1న అరవై దాటినవాళ్లకు కరోనా టీకా మొదలైంది. కోవిన్‌లో పేరు ఎక్కించుకోవడానికి ఏడు రకాల గుర్తింపు పత్రాల్లో ఏదో ఒకటి చూపించమన్నారు. ఆధార్, ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఎన్‌పీఆర్ స్మార్ట్ కార్డు, వీటితోపాటు పింఛను పుస్తకం. ఆధార్ చేతిలో ఉండగా పింఛను పుస్తకంతో పనేముందని చాలామంది దానివైపు చూడనేలేదు. మిలటరీలో చేసి ఊరికి తిరిగొచ్చినవాళ్ల కథ మాత్రం ఆ పుస్తకంతోనే ముడిపడి ఉంది. అది చూపించి ఆ రోజు వరుసలో నిలబడిన మాజీ సైనికుడికి సూది పడింది అతని వయసును బట్టి. సైన్యంలో చేసిన సేవను ఆ వరుస లెక్కలోకి తీసుకోలేదు.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒకవైపు పెన్న మీద సోమశిల, ఇంకోవైపు వెలిగొండలు, మధ్యలో కలువాయి. అటు ఆత్మకూరు, ఆపైన ఉదయగిరి. ఇక్కడివాళ్లకు పెద్దాసుపత్రి అంటే నెల్లూరు. పొదలకూరు మీదుగా బస్సెక్కి పోవాల్సిందే. సైనిక ఆసుపత్రి కావాలంటే ఇంకా దూరం, మద్రాసు దాకా. ఇలాంటి చోట ఉండే మాజీ సైనికుడి జేబులో రెండు కార్డులుంటాయి. ఒకటి అందరికీ ఉండే ఆధార్, రెండోది ఈసీహెచ్‌ఎస్ కార్డు, అంటే మాజీ సైనికుల చందా ఆరోగ్య పథకం కార్డు. జబ్బుచేస్తే రెండోది చూపించి, పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టకుండా చికిత్స పొందవచ్చు. టీకా దగ్గరికొచ్చేసరికి మొదటి కార్డే పనికొచ్చింది. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే రెండు వందల ఏళ్ల వెనక్కి పోవాలి.

అప్పట్లో సూది ముందుగా వెతుక్కుంటూ పోయింది సైనికుడినే.

మశూచి సైన్యాలను శత్రువు కన్నా ఎక్కువగా తినేసిన రోజులవి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో జార్జి వాషింగ్టన్ 1777లో తన సేనకంతటికీ మశూచి అంటు వేయించాడు. అప్పటికింకా జెన్నర్ టీకా లేదు. మశూచి పొక్కులోని రసాన్నే ఒంట్లోకి ఎక్కించేవాళ్లు, కొందరు దాంతోనే చచ్చిపోయేవాళ్లు. అయినా ఆ సాహసానికి దిగక తప్పలేదు. 1796లో జెన్నర్ గోమశూచి మార్గం కనిపెట్టాక ఆరేళ్లకే అది మన దేశానికి చేరింది. బాగ్దాదు, బస్రా మీదుగా ఓడలో వచ్చి, 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పిల్ల చేతిమీద మొలకెత్తింది. మంచుపెట్టెలు లేని కాలం కదా, టీకా మందును మనుషుల చేతులమీదే దాచుకోవాలి. ఒకరికి వేసిన టీకా వారానికి పొక్కుతుంది, ఆ పొక్కులోంచి తీసి ఇంకొకరికి వేస్తారు. అలా చేతినుంచి చేతికి దాటుకుంటూ మద్రాసు చేరింది. ఆ ఏడాది నవంబరులో మద్రాసులో టీకా వేసిన పిల్లవాణ్ణి హంటర్ అనే ఓడ ఎక్కించి, దారిలో చేయి మారుస్తూ కలకత్తాకు చేర్చారు.

ఇలా నడిచే టీకాకు అన్నిటికన్నా ముఖ్యంగా కావాల్సింది తెగిపోని మనుషుల గొలుసు. చెప్పిన రోజుకు చెప్పిన చోట చొక్కా చేయి పైకెత్తి నిలబడేవాళ్లు కావాలి. అలాంటి జనం ఈస్టిండియా కంపెనీకి ఒక్కచోట దొరికేది దండులోనే. సిపాయిలు, వాళ్ల పిల్లలు, దండు వెంట నడిచే బజారు జనం, అందరూ ఒకే గుడారాల ఊళ్లో ఉండేవాళ్లు. పైగా దండుకు సొంత వైద్యులున్నారు. తొలినాటి టీకా చరిత్రకూ సైనిక వైద్యానికీ విడదీయరాని సంబంధం అలా ఏర్పడింది.

అయితే దండులోనూ అన్నిటికీ హుకుం సరిపోయేది కాదు. 1806లో మద్రాసు సైన్యంలో కొత్త తలపాగా పెట్టమన్నారు, నొసట బొట్టు తీసేయమన్నారు, చెవిపోగులు వద్దన్నారు. ఆ ఏడాది జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. సిపాయి ఒంటిమీద చెయ్యి వేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలని కంపెనీకి గట్టిగానే తెలిసొచ్చింది. మద్రాసు కలెక్టరు ఎల్లిస్ టీకాను ఒప్పించడానికి ఇంకో దారి పట్టాడు. తెలుగు సంస్కృతంనుంచి పుట్టలేదని క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో వాదించి మన భాషా చరిత్రలో నిలిచిపోయిన ఎల్లిసే ఈయన. గోమశూచి టీకా పాతకాలపు శాస్త్రాల్లో ఉన్నదేనని జనం నమ్మేలా సంస్కృతంలో శ్లోకాలు కట్టాడు. పని మంచిదే కావచ్చు, పద్ధతి మాత్రం దొంగ సాక్ష్యమే. తర్వాత ఎంతోకాలం కొందరు పండితులు, దొరలు కూడా టీకా మన ప్రాచీనులకు తెలుసంటూ ఇలాంటి కల్పిత శ్లోకాలను నిజమనుకుని ఉదాహరించారు.

ఊళ్లల్లో పరిస్థితి వేరు. మశూచి అంటే జబ్బు కాదు, అమ్మవారు. నెల్లూరు సీమలో ఆ అమ్మ పోలేరమ్మ. వెంకటగిరిలో వినాయక చవితి దాటాక జరిగే పోలేరమ్మ జాతర ఈనాటికీ ఆ సీమలోకెల్లా పెద్ద జాతరల్లో ఒకటి. అమ్మ పోసిన ఇంటికి వేపమండలు కట్టి, చల్లపదార్థాలు పెట్టి, పోపు వాసన రాకుండా చూసుకునే కట్టుబాటు ఒకటుండేది. అలాంటి ఇంటికి టీకాల మనిషి వస్తే గుమ్మంలోనే ఆగిపోయేవాడు. దండులో టీకా వేయించుకున్న సిపాయి సెలవుమీద ఊరికొచ్చాడంటే, అమ్మకు అడ్డంపడిన సూది మనిషిని ఏమీ చెయ్యలేదని అతని చెయ్యే చెబుతుంది. ఆ మచ్చ చేసిన ప్రచారం ఎంత పెద్దదో ఎల్లిస్ శ్లోకాలతో పోల్చి చెప్పలేం గానీ, మచ్చ మాత్రం అబద్ధం కాదు.

పందొమ్మిదో శతాబ్దం చివరికి తెలుగు సిపాయి దండులోంచే దాదాపు మాయమయ్యాడు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్‌కు దక్షిణాదివాళ్లు పోరాట జాతులు కారని గట్టి నమ్మకం. ఆ నమ్మకమే తర్వాత విధానమైంది, తెలుగువాళ్లున్న పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. సరిగ్గా ఆ కాలంలోనే టీకాల శాస్త్రం పరుగందుకుంది. 1893లో భారతదేశానికి వచ్చిన శాస్త్రవేత్త హాఫ్కిన్ కలరా టీకాను ఉత్తరాదిన వేలమందికి వేశాడు, వాళ్లలో సైనికులూ ఉన్నారు. 1897 జనవరిలో బొంబాయిలో ప్లేగు టీకాను ముందుగా తన ఒంటిమీదే పరీక్షించుకున్నాడు. ప్లేగు కమిషన్‌తో 1898లో వచ్చిన బ్రిటిష్ వైద్యుడు ఆల్మ్రోత్ రైట్ టైఫాయిడ్ టీకాను ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ముందుకొచ్చినవాళ్లకు వేశాడు. అదే 1897లో వచ్చిన అంటువ్యాధుల చట్టాన్నే 2020 మార్చిలో రాష్ట్రాలన్నీ మళ్లీ దుమ్ము దులిపి వాడుకున్నాయి. సూదులు మారాయి, చట్టం పేరు మారలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం రాగానే పోరాట జాతుల సిద్ధాంతాన్ని అటకెక్కించి మళ్లీ తెలుగువాళ్లను పిలిచారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం అప్పటినుంచే మిలటరీ మాధవరంగా పేరుపడింది. రెండో యుద్ధంలో ఈ పిలుపు ఇంకా పెద్దదై అన్ని జిల్లాలకూ చేరింది. రిక్రూటుగా చేరినవాడికి బూట్లకన్నా ముందు దొరికేది సూది. మశూచి, టైఫాయిడ్, కలరా, అన్నిటికీ వరుసగా పొడిచి ఆ వివరం పుస్తకంలో రాసేవాళ్లు. యుద్ధం ముగిసి 1946లో ఇంటికి పంపించేసినప్పుడు ఆ రాత కూడా ముగిసింది. చాలామందికి పింఛనూ లేదు.

మధ్యలో 1918 ఇన్‌ఫ్లుయెంజా మాటా చెప్పుకోవాలి. ఆ ఏడాది జూన్‌లో అది బొంబాయి రేవులో అడుగుపెట్టింది యుద్ధంనుంచి తిరిగొచ్చే సైనికుల ఓడలతోనే. దేశంలో కోటికి పైగా చచ్చిపోయారు. దానికి టీకా లేదు. సైనికుడు టీకాను ఊరికి తెచ్చినట్టే జబ్బునూ తెచ్చాడు.

మశూచి చివరి కేసు మన దేశంలో 1975 మేలో అస్సాంలో కనిపించింది, 1977లో దేశం దాన్నుంచి బయటపడిందని ప్రకటించారు. కాబట్టి 2021లో అరవై దాటిన మాజీ సైనికుల చేతులమీద పాత టీకా మచ్చ దాదాపుగా ఉండి తీరుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత చాలాకాలం మాజీ సైనికుడి వైద్యం గాలిలో పెట్టిన దీపమే. చోటుంటే, మందుంటే సైనిక ఆసుపత్రిలో చూసేవాళ్లు. కంటోన్మెంటు పక్కనున్న సికింద్రాబాదువాడికి అది సరిపోయింది. కలువాయివాడికి ఏం సరిపోతుంది? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సీజీహెచ్‌ఎస్ 1954లోనే వచ్చింది. అదే మూసలో మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ వచ్చేసరికి 2003 ఏప్రిల్ 1 అయింది. అంటే నలభై తొమ్మిదేళ్లు ఆలస్యం. ఒకసారి చందా కడితే భార్యకూ, ఆధారపడిన పిల్లలకూ తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. 1996కు ముందు పదవీ విరమణ చేసినవాళ్లకూ, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవాళ్లకూ చందా మాఫీ. మొదట 227 పాలీక్లినిక్‌లతో మొదలుపెట్టి తర్వాత నాలుగు వందలు దాటించారు. నెల్లూరులోనూ ఒకటుంది. పాలీక్లినిక్‌లో చూసి, అవసరమైతే పథకంలో ఉన్న ఆసుపత్రికి చీటీ రాసి పంపుతారు.

ఈ ఏర్పాటులో మొదట ఒక మెలిక ఉండేది. పింఛను తీసుకునేవాళ్లకే సభ్యత్వం. 1946లో చేతిలో పదో పరకో పెట్టి పంపించేసిన రెండో యుద్ధం సైనికులు అలా బయటే ఉండిపోయారు. వాళ్లనూ, కొంతకాలమే పనిచేసిన షార్ట్ సర్వీసు అధికారులనూ చేర్చుకోవడానికి కేంద్రం ఒప్పుకున్నది 2019 మార్చిలో. అప్పటికి ఆ యుద్ధానికి వెళ్లినవాళ్లలో చిన్నవాడికి కూడా తొంభై దాటాయి. ఏడాది తిరక్కుండానే కరోనా వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు నెల్లూరులోనే. ఇటలీనుంచి వచ్చిన విద్యార్థికి 2020 మార్చి 12న నిర్ధారణ అయింది. రెండు వారాలకు లాక్‌డౌన్. ఆ రోజుల్లో మాజీ సైనికులు సాయం పొందేవాళ్లకన్నా సాయం చేసేవాళ్లుగానే ముందు కనిపించారు. మంగళగిరి, తాడేపల్లి, గుంటూరుల్లో మూడు వందలమంది మాజీ సైనికులు పోలీసులకు తోడుగా రోడ్లమీద నిలబడ్డారని రక్షణ శాఖే ఆ ఏప్రిల్‌లో ప్రకటించింది. ఇక రక్తపోటు, చక్కెర మాత్రలకు నెలనెలా పాలీక్లినిక్‌కు పోవాల్సినవాళ్లు బస్సుల్లేక ఊళ్లోనే చిక్కుపడ్డారు. మందులు బయట కొనుక్కుని తర్వాత బిల్లు పెట్టుకోమని ఈసీహెచ్‌ఎస్ వెసులుబాటు ఇచ్చింది. కరోనా సోకిన కుటుంబానికి ఒక పల్స్ ఆక్సీమీటరు ఖర్చు 1,200 రూపాయల దాకా తిరిగిస్తామంది. పెద్ద సంగతిలా కనపడదు గానీ, అంగట్లో ఆక్సీమీటర్లకు అగ్గి ధరలున్న రోజుల్లో ఆ పన్నెండు వందలు మందు ఖర్చులో మంచి భాగమే.

2021 జనవరి 16న దేశంలో టీకా మొదలైంది. ముందు వైద్య సిబ్బంది, ఫిబ్రవరి మొదటి వారంనుంచి ఫ్రంట్‌లైన్ వర్కర్లు. ఈ రెండో జాబితాలో పోలీసులు, పారిశుధ్య కార్మికులతోపాటు సైన్యమూ ఉంది. మార్చిలో అరవై దాటినవాళ్లు, నలభై అయిదు దాటి దీర్ఘరోగాలున్నవాళ్లు. ఏప్రిల్ 1నుంచి నలభై అయిదు దాటిన అందరూ. పద్దెనిమిది దాటినవాళ్లకు మే 1న.

ఈ మెట్లు మామూలు ఉద్యోగి వయసును బట్టి కట్టినవి. జవాను పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు చేసి నలభైలోపే బయటికొచ్చేస్తాడు. 2021 ఫిబ్రవరిలో సరిహద్దులో ఉన్న ముప్పై ఎనిమిదేళ్ల హవల్దారుకు టీకా పడింది. అదే పటాలంనుంచి జనవరిలో పింఛను పుచ్చుకుని ఊరొచ్చిన అతని జోడీ నిబంధనల ప్రకారం మే దాకా ఆగాలి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే డోసుల కొరతవల్ల నలభై అయిదు దాటినవాళ్లకే మొదట పూర్తిచేయాలని రాష్ట్రం నిర్ణయించుకుంది. జూన్‌లో అయిదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు దారి తెరిచారు. చిన్నవయసు మాజీ సైనికుడికి ఇందులో ఎక్కడా ప్రత్యేక వరుస లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ ఎంతంటే అంతే.

అమెరికాలో ఇది ఇంకోలా నడిచింది. అక్కడ మాజీ సైనికుల వ్యవహారాల శాఖకు సొంత ఆసుపత్రులున్నాయి, టీకా డోసులు కూడా రాష్ట్రాల వాటాతో సంబంధం లేకుండా నేరుగా దానికే వచ్చాయి. 2020 డిసెంబరు 14న, అంటే ఆ దేశంలో టీకా మొదలైన రోజే, మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో మార్గరెట్ క్లెసెన్స్ అనే తొంభై ఆరేళ్ల రెండో యుద్ధం సైనికురాలికి సూది పడింది. 2021 మార్చి 24న సంతకమైన చట్టంతో, ఆ శాఖలో పేరు నమోదు కాని మాజీ సైనికులకూ, వాళ్ల జీవిత భాగస్వాములకూ, వాళ్లను చూసుకునేవాళ్లకూ కూడా అక్కడే వేయొచ్చన్నారు. ఈసీహెచ్‌ఎస్‌కు అలాంటి వాటా రాలేదు. డోసులు కేంద్రంనుంచి రాష్ట్రానికి, రాష్ట్రంనుంచి జిల్లాకు, అక్కడినుంచి మండల ఆసుపత్రులకు దిగాయి. పథకం జాబితాలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రులు చాలావరకు ప్రైవేటు టీకా కేంద్రాలుగా కూడా పనిచేశాయి, మొదట్లో డోసుకు 250 రూపాయలు. కంటోన్మెంటు నగరాల్లో కొన్ని సైనిక ఆసుపత్రులు మాజీలకూ వేశాయి. పడమటి నెల్లూరుకు అవి రెండూ దూరమే.

దీన్ని అన్యాయమనాలా? అలా అనడం తొందరపాటవుతుంది. కలువాయి మాజీ సైనికుడికి ఈసీహెచ్‌ఎస్ ద్వారానే టీకా అని ఉంటే, సూది కోసం నెల్లూరు పోవాల్సి వచ్చేది, అదీ జబ్బు ముదురుతున్న నెలల్లో, బస్సెక్కి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల వల్ల సూది ఊళ్లోకే వచ్చింది. యాభై ఇళ్లకొక వాలంటీరు జాబితా పట్టుకుని తిరిగాడు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త పిలిచి కూర్చోబెట్టారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి కూడా 2021 ఏప్రిల్ 1న గుంటూరులో వార్డు సచివాలయానికి వెళ్లే టీకా వేయించుకున్నారు. మాజీ సైనికుడి సొంత ఆరోగ్య వ్యవస్థ జబ్బుపడ్డాక చూసుకోవడానికి పుట్టింది. జబ్బు రాకుండా చూసే పని ఊరి ఆసుపత్రిదే, అది మొదటినుంచీ అలాగే ఉంది.

ఈసీహెచ్‌ఎస్ అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో ఎదురైంది. రెండో తాకిడికి మంచాలు దొరకలేదు. దేశం మొత్తంలో రద్దీ ఎక్కువున్న 51 పాలీక్లినిక్‌లు రాత్రిళ్లు కూడా తెరిచి ఉంచడానికి తాత్కాలిక వైద్యులను, నర్సింగు సహాయకులను, ఫార్మసిస్టులను పెట్టుకోవడానికి రక్షణ శాఖ అనుమతిచ్చింది. ఆగస్టు 15 దాకా ఆ ఏర్పాటు. మన పక్కన ఆ జాబితాలో సికింద్రాబాదు ఉంది. గత రెండేళ్లలో పదవీ విరమణ చేసిన సైనిక వైద్యులను మళ్లీ పిలుస్తున్నామని ఏప్రిల్ 26న అప్పటి త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ ప్రధానికి చెప్పారు. మే 27న ఫోనులోనే సైనిక వైద్యుడిని సంప్రదించే సేహత్ ఓపీడీ మాజీ సైనికులకూ తెరిచారు. మారుమూల ఊళ్లకు ఇది నిజంగా పనికొచ్చే పద్ధతే, సిగ్నలు ఉంటే.

సరిగ్గా ఆ మే నెలలోనే నెల్లూరు జిల్లా దేశమంతా వార్తల్లోకెక్కింది, అదీ ఇంకో మందుతో. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య ఇస్తున్న ఆకుమందు కోసం మే 21న వేలాదిమంది ఎగబడ్డారు. అంబులెన్సుల్లోనే వచ్చినవాళ్లున్నారు. పంపిణీ ఆపారు, ఆయుర్వేద పరిశోధకులు వచ్చి చూశారు, నెలాఖరుకు కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి రాష్ట్రం అనుమతిచ్చింది. టీకా మీద అపనమ్మకంతోనే జనం అక్కడికి పోయారనుకుంటే పొరపాటు. మే 13న కోవిషీల్డు రెండు డోసుల మధ్య వ్యవధిని పన్నెండు-పదహారు వారాలకు పెంచేశారు. రెండో డోసు కోసం వచ్చి వెనక్కి మళ్లినవాళ్లు కోకొల్లలు. సూది దొరకని చోట ఆకు దొరికింది. శాస్త్రీయమా కాదా అన్న గొడవ టీవీల్లో నడుస్తుంటే, చాలా ఇళ్లలో రెంటినీ వాడారు. పోలేరమ్మకు పొంగలి పెట్టి పిల్లకు టీకా వేయించిన అవ్వల మనవలే కదా వీళ్లు.

జూన్ 20న రాష్ట్రమంతటా ఒక్కరోజులో పదమూడు లక్షలకు పైగా డోసులు వేశారు. మరుసటి రోజునుంచి కేంద్రం పద్దెనిమిది దాటినవాళ్లకూ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడితో వయసు మెట్లు దాదాపు చెరిగిపోయాయి. 2022 జనవరి 10న ముందుజాగ్రత్త డోసు వచ్చేసరికి పాత గీతే మళ్లీ కనిపించింది. ఫ్రంట్‌లైన్ వర్కరుగా సైనికుడు ముందు వరుసలో, అరవై దాటి జబ్బులున్న పౌరుడిగా మాజీ సైనికుడు ఇంకో వరుసలో.

కోవిన్ లెక్కల్లో వైద్య సిబ్బందికి ఒక గడి, ఫ్రంట్‌లైన్‌కు ఒక గడి, ఆ తర్వాత వయసుల గడులు. మాజీ సైనికుడికంటూ విడిగా గడి లేదు. అమెరికా శాఖ మాత్రం తన ఆసుపత్రుల్లో ఎందరు మాజీ సైనికులకు టీకా పడిందో ఎప్పటికప్పుడు సొంతంగా ప్రకటిస్తూ పోయింది. కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి మాజీ సైనికులు తమ తమ ఊళ్ల లెక్కలోనే కలిసిపోయారు.